గోరీ ఎడమ పక్క

ఆ ఆదివారం సాయంత్రం ఏడు కాకముందే భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్ల సందులో మనుషుల అలికిడి తగ్గిపోయింది. నల్లా దగ్గర బిందెలు వరుసలో ఉన్నాయి గానీ వాటి తాలూకు ఆడవాళ్ళు లేరు. డోర్నకల్ పిల్లలు నలుగురు కట్టుకున్న బ్యాండు ఆ రోజు టీవీలో పాడబోతోంది. వాళ్ళు పెట్టుకున్న పేరు చాలా పెద్దది. జనం దాన్ని కుదించి ‘జంక్షనోళ్ళు’ అంటారు. రైల్వే క్వార్టర్లలో పుట్టి, చర్చిలో పాడుతూ పెరిగిన ఇమ్మానుయేల్ వాళ్ళకు పెద్ద. గిటారు వాయిస్తూ పాడతాడు. తండా నుంచి వచ్చిన హరిలాల్ డోలక్ వాయిస్తాడు. జనగామ నుంచి కాటారం దాకా వాళ్ళ పాట మోగని ఆటో లేదు.

చిలుకమ్మ వాళ్ళింట్లో కూడా టీవీ ఉంది. అయినా ఆమె పక్కింటి రజని ఇంటికి వెళ్ళి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. రజని కలెక్టరాఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. జంక్షనోళ్ళ అభిమానులు ఎనిమిది వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపును నడిపేది ఆమే. ఆ గది నిండా జనం, పిల్లలు, ఫోన్లు. చిలుకమ్మ అక్కడికి రావడం అందరికీ వింతగానే ఉంది. నాలుగేళ్ళ కింద వరంగల్ దవాఖానలో గొంతుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె నలుగురిలోకి వచ్చింది తక్కువ. మాట వస్తుంది గానీ మధ్యలో చినుగుతుంది. చినిగిన చోట అతికించుకుంటూ మాట్లాడటం కంటే ఊరుకోవడమే ఆమెకు సులువైంది.

ఆమె వచ్చింది బ్యాండు కోసం కాదు. వాళ్ళతో కలిసి పాడటానికి వస్తున్న అతిథి కోసం.

“మా పక్క తండా, మా గోరీ అవ్వ” అని ఇమ్మానుయేల్ చేయి చాపాడు. వెలుతురులోకి ఒక పొట్టి మనిషి నడిచి వచ్చింది. అద్దాలు కుట్టిన రవిక, చేతినిండా తెల్ల గాజులు. గోరీ తండా బట్టలు మాని చీర కట్టబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ బట్టలు ఎవరివో, టీవీ వాళ్ళు తొడిగించినవి. రవిక భుజాల దగ్గర వదులుగా ఉందని చిలుకమ్మ మొదట చూసింది. తర్వాత ఆమె నిలబడిన తీరు చూసింది. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ పక్క కాస్త జాగా వదిలి నిలబడింది.

గోరీ ఎత్తుకుంది.

“తూర్పున మబ్బమ్మ తొంగి సూసిందే...”

ఆ గొంతుకు ముసలితనం రాలేదు. కొంచెం ఇసుక కలిసింది, అంతే. లైను ముగించి గోరీ ఆగింది. ఆగి, తల కొద్దిగా ఎడమకు తిప్పింది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, మూడు, నాలుగు. డోలక్ ఒక్కటే నడుస్తోంది. ఇమ్మానుయేల్ ముఖంలో కంగారు కనబడింది. గబగబా గిటారు తీగలు మీటి ఆ ఖాళీని నింపి, తన చరణం అందుకున్నాడు.

రజని ఇంట్లో గడప పక్కన చిలుకమ్మ పెదవులు కదిలాయి. గొంతులోంచి ఏమీ రాలేదు.

రెండోసారి గోరీ వంతు వచ్చింది. “గట్టుమీద బావయ్య గొడుగిప్పిండే...” మళ్ళీ ఆగింది. మళ్ళీ ఎడమకే చూసింది. ఈసారి కీబోర్డు అబ్బాయి ఆదుకున్నాడు. పాట అయ్యాక యాంకరమ్మ గోరీ భుజం చుట్టూ చేయి వేసి, పాపం అవ్వగారు లైట్లు చూసి టెన్షన్ పడ్డారని నవ్వింది. గోరీ నవ్వలేదు. ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకుందామన్నట్టు అందరి ముఖాలూ చూసింది.

గదిలో ఎవరో “మర్చిపోయింది ముసల్ది” అన్నారు. రజని నొచ్చుకున్నట్టు నాలుక చప్పరించి, ఫోన్ తీసింది. అప్పటికే గ్రూపులో మెసేజులు వానలా కురుస్తున్నాయి.

తెల్లవారేసరికి ఆ రెండు ఖాళీలు మాత్రమే మిగిలాయి, మిగతా పాట ఎవరికీ పట్టలేదు. ఎవరో ఆ ముక్కను కత్తిరించి, గోరీ ఆగిన చోట పాత టేపు రీలు చిక్కుకున్న చప్పుడు కలిపి వదిలారు. నల్లా దగ్గర ఇద్దరు పిల్లలు ఒకరు ఎత్తుకుని, ఇంకొకరు గుడ్లు తేలేసి చూడటం ఆటగా ఆడుకున్నారు. బస్టాండ్ హోటల్లో చాయ్ తాగి వచ్చిన సుదర్శన్, చిలుకమ్మ పెనిమిటి, అక్కడి మాటలన్నీ మోసుకొచ్చాడు. జంక్షనోళ్ళకు హైదరాబాద్‌లో పెద్ద అవకాశం వచ్చేదట, ఈ ముసలమ్మ వల్ల పోయిందట. హరిలాల్ తన మేనత్త అని తీసుకొచ్చి పెట్టాడట. ఇమ్మానుయేల్ మంచివాడు కాబట్టి ఏమీ అనలేదట.

“ఇంకేమన్నరు?” అని చిలుకమ్మ అడిగింది.

సుదర్శన్ తువ్వాలు దులిపి దండెం మీద వేశాడు. “అనేటోళ్ళు అంటరు. తండా ఆమెకు తెలుగు పాట ఏమొస్తది అన్నడు ఒకడు.”

చిలుకమ్మ చేతిలో బియ్యం చాట ఆగిపోయింది. అన్నిటికంటే ఆ మాటే ఆమెకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పాటను కట్టిందే గోరీ.

డోర్నకల్‌కు ఐదు మైళ్ళ అవతల చిలుకమ్మ పుట్టిన ఊరు. ఊరికీ తండాకూ నడుమ ఒక వాగు. నాట్ల కాలంలో ఊరి ఆడవాళ్ళూ తండా ఆడవాళ్ళూ కలిసి ఒక్క గుంపుగా పనికి పోయేవాళ్ళు. చిలుకమ్మకు పద్నాలుగు, గోరీకి పదహారు. ఇంట్లో గోరీ వేరే భాష మాట్లాడేది. పొలంలో దిగితే మాత్రం ఊరి ఆడవాళ్ళకు తట్టని తెలుగు మాట ఆమెకు తట్టేది. కనబడిన దాన్నల్లా లైనుగా కట్టేది. మబ్బు కనబడితే మబ్బు, గట్టు మీద ఆసామి గొడుగు విప్పితే గొడుగు.

నాటు పాటకు ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళంతా వరుసగా వంగి, నాట్లు వేస్తూ వెనక్కి జరుగుతారు. ఆ వరుసను మునుం అంటారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది. ఆమెకు ఎడమ పక్కన ఉన్న మనిషి దాన్ని అందుకుంటుంది. ఎత్తుకున్నామె చివర ఏ మాటతో వదిలితే ఆ మాటనే పట్టుకుని జవాబు చెప్పాలి. వెంటనే కాదు. నాలుగు నాట్లు పెట్టేంత సేపు ఆగి చెప్పాలి. ఆ నాలుగు నాట్లలోనే ఎత్తుకున్నామెకు ఊపిరి తిరుగుతుంది, మిగతావాళ్ళకు చేతులు కలుస్తాయి. జవాబు వచ్చేదాకా తర్వాతి లైను లేదు. ఎత్తుకున్నామె తన జవాబు తానే పాడుకుంటే ఆ గుంపులో ఆమెకు తోడు లేనట్టు లెక్క. చావు జరిగిన ఇంటి మనిషి నాట్లకు వస్తే మాత్రమే, పక్క జాగా ఖాళీగా పెట్టి, అలా పాడుకుంటుంది.

“తూర్పున మబ్బమ్మ తొంగి సూసిందే” అని గోరీ వదిలితే, “సూస్తె సూడనీ, మునుం ఇడువకే” అని అందుకునేది చిలుకమ్మ. “గట్టుమీద బావయ్య గొడుగిప్పిండే” అంటే, “ఇప్పితె ఇప్పనీ, మునుం ఇడువకే” అనేది. ఇద్దరి గొంతులూ కలిసి ఎప్పుడూ పాడలేదు. ఒకటి ఆగిన చోట ఇంకొకటి. అవతలి పొలాల వాళ్ళు ఒకే మనిషి పాడుతోందనుకునేవాళ్ళట. ఆ మాట విన్న రోజున ఇద్దరూ గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు.

పంతొమ్మిదో ఏట సుదర్శన్‌తో పెళ్ళయి చిలుకమ్మ భూపాలపల్లి వచ్చేసింది. ఇక్కడ పొలం లేదు, వంగే పని లేదు. ఆయన షిఫ్టుకు క్యారేజీ కట్టడం, మళ్ళీ వచ్చేసరికి నీళ్ళు కాచి పెట్టడం. అయినా ప్రతి వానాకాలం పదిరోజులు పుట్టింటికి వెళ్ళేది. అమ్మను చూడటానికని చెప్పేది. అమ్మ పోయాక కూడా వెళ్ళింది. సుదర్శన్ అడగలేదు. బురద అంటిన గోళ్ళతో తిరిగొచ్చిన భార్య నెలరోజుల పాటు ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరగడం ఆయనకూ బాగుండేదేమో.

ఆపరేషన్ తర్వాత ఆమె మొదట ప్రయత్నించింది పాటే. మూడు నెలలకు మాట వచ్చింది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసి, “సూస్తె సూడనీ” అంది. ‘సూడ’ దగ్గర గొంతు తెగి, గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ అంది. మళ్ళీ గాలే. ఆ ఏడు పుట్టింటికి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులని కబురు పంపింది. ఆ తర్వాతి ఏడూ మోకాళ్ళే.

మనిషికి కాలో చేయో పోతే చూసినవాళ్ళకు తెలుస్తుంది, అడుగుతారు, చెప్పుకుంటాం. గొంతు పోతే చెప్పడానికి కూడా ఆ గొంతే కావాలి. అది చిలుకమ్మకు మరీ కష్టమైన సంగతి.

మొన్న చలికాలంలో గోరీ దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. హరిలాల్ ఫోన్ కలిపి ఇచ్చాడు. టీవీలో పాడటానికి పిలిచారట, నువ్వు రావాలె, నువ్వు లేకపోతే నేను పోను అంటోంది గోరీ. ఫోన్ ఎత్తింది సుదర్శన్. చిలుకమ్మ ఎదురుగా నిలబడి రెండు చేతులతో మోకాళ్ళు చూపించింది. వద్దు, వద్దు అని తల ఊపింది. ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, మోకాళ్ళు బాగా పట్టేసినయి వదినా, బస్సెక్కలేదు అని చెప్పేశాడు. మాట్లాడతందా అని గోరీ అడిగింది. పడుకుంది అని ఆయన చెప్పాడు.

ఇప్పుడు టీవీలో ఆ మనిషి ఎడమకు చూసింది. చూసినందుకు ఊరంతా నవ్వుతోంది.

సోమవారమంతా చిలుకమ్మ ఇంట్లోనే తిరిగింది. మంగళవారం రజని ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే చిలుకమ్మ వెళ్ళి ఆమె ముందు కూర్చుంది. గోరీ మర్చిపోలేదని, ఆగడమే పాటని, అందుకునే మనిషి లేక ఆగిందని చెప్పింది. మొత్తం చెప్పడానికి చాలాసేపు పట్టింది. రజని మొదట అర్థంకానట్టు విన్నది. తర్వాత ఫోన్‌లో ఆ ముక్క పెట్టి, గోరీ ఆగిన చోట నాలుగు దెబ్బలు వేలితో లెక్కబెట్టింది. రెండోసారి ఆగిన చోటా నాలుగే.

“అంటే మనం అందరం తప్పు నవ్వినం గదా పెద్దమ్మా” అంది.

గ్రూపులో తాను రాసి పెడతానంది రజని. చిలుకమ్మ ఒప్పుకోలేదు. రాసింది ఎవరు నమ్ముతారు? హరిలాల్ చుట్టాలే రాయించారంటారు. పొలంలో ఆ పక్కన నిలబడ్డ మనిషి తన నోటితో చెప్తేనే నిలబడుతుంది. రజని అయితే మంచిదే, ఇప్పుడే మాట్లాడు అని ఫోన్ ముందుకు చాపింది. అప్పుడు చిలుకమ్మకు చేయి రాలేదు.

ఎనిమిది వందల మంది విన్నది డోర్నకల్ చేరకుండా ఉండదు. హరిలాల్ వింటాడు. హరిలాల్ వింటే గోరీ వింటుంది. ఆ చినిగిన గొంతు వింటే మోకాళ్ళ సంగతి, నాలుగేళ్ళ సంగతి, ఫోన్ అవతల నిలబడి తల ఊపిన సంగతి, అన్నీ ఒక్కసారే తెలిసిపోతాయి. ఇన్నాళ్ళూ వాగు అవతల ఎక్కడో చిలుకమ్మ గొంతు ఉన్నదున్నట్టే ఉందనుకుంటున్న మనిషి ఒకతె ఉంది. ఆ మనిషి కూడా లేకుండా పోతుంది.

రజని ఫోన్ పట్టుకునే ఉంది. బయట పిల్లలెవరో మళ్ళీ ఆ టేపు రీలు ఆట మొదలుపెట్టారు. చిలుకమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత ఇటు తిరిగింది.

“పట్టు” అంది.

“నేను చిలుకమ్మను. గోరీ పక్కన ముప్పై అయిదేండ్లు నాటేసిన. ఆమె మర్చిపోలే. నా కోసం ఆగింది. నేనే పోలే. నా గొంతు గిట్లయింది, అందుకని పోలే. ఆమెను నవ్వకుండ్రి. ఆమె ఆగిన కాడ ఏముంటదో చెప్త, వినుండ్రి.” పాడలేదు. మామూలు మాటలాగా జవాబులు రెండూ చెప్పింది. ‘సూడనీ’ దగ్గర గాలి వచ్చింది. రజని దాన్ని తీసేస్తానంటే వద్దంది, ఉన్నదున్నట్టే గ్రూపులో పెట్టమంది.

రెండు రోజుల్లో ఊరి నోరు తిరిగిపోయింది. నవ్వినవాళ్ళే ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారట. మహబూబాబాద్‌లో ఒక కాలేజీ ఆడపిల్లలు బస్సులో ఆ పాట పెట్టి, గోరీ ఆగిన చోట జవాబు పాడి వీడియో తీశారు. దాని వెనక పరకాల పిల్లలు, కాటారం పిల్లలు. బస్టాండ్ హోటల్లో సుదర్శన్‌కు చాయ్ ఇచ్చే మనిషి మీ ఇంటామె అట గదా అని కుర్చీ తుడిచి వేశాడు. తండా ఆమెకు తెలుగు పాట ఏమొస్తదన్నవాడు అదే బల్ల దగ్గర కూర్చుని, మన పాట అంటే మునుం పాటే అంటున్నాడట.

గోరీ దగ్గరి నుంచి మాత్రం ఫోన్ రాలేదు.

జూన్ నెలాఖరున జంక్షనోళ్ళు జనగామలో పాడతారని, గోరీ కూడా వస్తుందని తెలిసింది. రజని, చిలుకమ్మ హన్మకొండలో బస్సు మారి మధ్యాహ్నానికి చేరారు. కాలేజీ మైదానం నిండిపోయింది. పందిరి కింద ఎక్కడో వెనక వాళ్ళకు జాగా దొరికింది. ఈసారి గోరీ తన మామూలు చీరలో వచ్చింది. చిలుకమ్మ మోకాళ్ళ మీద లేచి చూసింది.

“తూర్పున మబ్బమ్మ తొంగి సూసిందే” అని గోరీ వదిలింది.

ఒక్క దెబ్బ కూడా పడనివ్వకుండా మైదానమంతా లేచింది. “సూస్తె సూడనీ, మునుం ఇడువకే.” చిలుకమ్మకు రెండు చెవులూ మూసుకుపోయాయి. పక్కన రజని పాడుతోంది. ముందు వరుసలో పోలీసాయన పాడుతున్నాడు. గోరీ ఈసారి ఎడమకు చూడలేదు. నేరుగా జనం వైపు చూసింది. చేయి ఎత్తింది. నాలుగు నాట్ల సేపు ఎవరూ ఆగలేదు. ఆగాలని చెప్పడం చిలుకమ్మ మర్చిపోయింది. ఏ మాటకు ఏ జవాబో చెప్పింది గానీ, ఎంత సేపటికి చెప్పాలో చెప్పలేదు. ఇంతమంది పాడుతుంటే సంతోషించాలని ఆమెకు తెలుసు. గోరీని చూసి నవ్వేవాళ్ళు లేరిప్పుడు. తాను అడిగింది అదే. కానీ ఆ జాగా ఇక ఖాళీగా లేదు. దాన్ని తన నోటితోనే తాను జనానికి ఇచ్చేసింది.

అయిపోయాక రజని ఎవరితోనో మాట్లాడి వేదిక వెనక్కి తీసుకెళ్ళింది. చిలుకమ్మ రానంది, వచ్చింది. ఒక తెల్ల బండి తలుపు తీసి, అంచు మీద కూర్చుని గోరీ నీళ్ళు తాగుతోంది. చిలుకమ్మను చూసి సీసా మూత పెట్టింది. పైనుంచి కిందిదాకా చూసింది.

“మోకాళ్ళు ఎట్లున్నయే?”

“మంచిగనే ఉన్నయి” అంది చిలుకమ్మ.

రజని కాస్త దూరం జరిగింది. గోరీ సీసా పక్కన పెట్టింది. ఎడమ పక్కన కాదు, కుడి పక్కన.

“నాతోని ఒక మాట చెప్పకపోతివి. ఎనిమిది వందల మందితోని చెప్పినవ్.”

“నవ్వుతుండ్రి గదా నిన్ను.”

“నవ్వనీ. నాకేం కొత్తనా?” గోరీ కొంగుతో మెడ తుడుచుకుంది. “టీవీ కాడ జవాబు కూడా నువ్వే పాడు అవ్వా అన్నరు. సరే అన్న. తీరా నిలబడినంక నోరు రాలె. నా జవాబు నేనే ఎట్ల పాడుకుంట? నువ్వు సచ్చినవా?”

“చెప్తే ఏం చేద్దువు?” అని చిలుకమ్మ అడిగింది.

గోరీ ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు. “ఏడుద్దును. తర్వాత ఇంకొకామెను నిలబెట్టుకుందును.”

“అందుకే చెప్పలే.”

గోరీ తల ఊపింది. కోపం ఉందో పోయిందో ఆ ముఖంలో తెలియలేదు. బండి అంచు మీద కొంచెం జరిగింది. చిలుకమ్మ కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగిలాయి. ముందు సీట్లోంచి హరిలాల్, అత్తా, డోర్నకల్ చేరేసరికి పొద్దుపోతది అన్నాడు. గోరీ వస్తున్న అంది గానీ కదల్లేదు.

“వచ్చే నెల నాట్లు” అంది. “మా తమ్ముని మనుమరాలు పూజ అందుకుంటది. దానికి ఆగుడు రాదు. జనం లెక్కనే వెంటనే పడతది. దాని పక్కన నిలబడి ఎప్పుడు పట్టాల్నో చేయి మీద తట్టు. తట్టనీకి గొంతు అక్కర లేదు.”

గోరీ పక్కన కాదు. గోరీ పక్కనున్న పిల్ల పక్కన. చిలుకమ్మ తన చేతులు చూసుకుంది. నాలుగేళ్ళుగా బురద ఎక్కని గోళ్ళు బొగ్గుబాయి వాళ్ళిచ్చే సబ్బుతో తెల్లగా ఉన్నాయి. వస్తానని ఆమె అనలేదు. రానని కూడా అనలేదు. బండి దిగి నిలబడింది. హరిలాల్ ఇంజన్ వేశాడు. తలుపు మూసుకోబోతుంటే ఆమె ఒక చేయి అడ్డం పెట్టింది.

“పూజ గొంతు ఎట్లుంటది?”

గోరీ ఆమె చేతిని తలుపు మీద నుంచి మెల్లగా తీసి, కాసేపు పట్టుకుంది.

“నీ అంత లేదు” అంది.